మామిడి ముక్కలు, తాండ్ర ఎండబెట్టేటప్పుడు తేమ లెక్క, వేడి లెక్క

గోదావరి ప్రాంతంలో బంగినపల్లి ముక్కలూ మామిడి తాండ్రా ఎండబెట్టే చిన్న యూనిట్ నడుపుతున్నామని, కొత్త డ్రయ్యర్ కట్టించడానికి మామిడి గుజ్జు విశిష్టోష్ణం (కిలో పదార్థం ఒక డిగ్రీ వేడెక్కడానికి కావలసిన వేడి), ఉష్ణవాహకత (వేడి దాని గుండా ఎంత సులభంగా పాకుతుందో చెప్పేది) విలువలు కావాలని మీరు అడిగారు. దానితో పాటు, 15 శాతం తేమకు దించి కట్టిన సరుకు జూలై, ఆగస్టు నెలల్లో జిగటగా మారుతోందని, కొన్ని పొట్లాల్లో బూజు కూడా కనిపించిందని రాశారు. నా అనుభవంలో మొదటి ప్రశ్నకు జవాబు సులభం, దాని వల్ల కలిగే ప్రయోజనం కూడా పరిమితమే. రెండో ప్రశ్నలోనే అసలు విషయం ఉంది. పండు ఎంత త్వరగా వేడెక్కుతుందన్నది ఎండబెట్టడంలో చివరి ఫలితాన్ని నిర్ణయించదు. ఏ గాలి మధ్య ఆ పండు ఎంత నీటిని పట్టి ఉంచుకుంటుందన్నదే నిర్ణయిస్తుంది. అందుకే వేడి లెక్కను ముందు ముగించి, తేమ సంగతికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

అన్నిటికన్నా ముందు శాతాల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. పండిన మామిడి గుజ్జులో తేమ సుమారు 82 శాతం అన్నప్పుడు అది మొత్తం బరువులో వాటా. డ్రయ్యర్ లెక్కల్లో మాత్రం కిలో పొడి పదార్థానికి ఎన్ని కిలోల నీరు ఉందో చూడాలి, ఎందుకంటే ఎండుతున్నంతసేపూ మారకుండా ఉండేది ఆ పొడి పదార్థం ఒక్కటే. 82 శాతం అంటే కిలో పొడి పదార్థానికి 4.56 కిలోల నీరు. 15 శాతం అంటే 0.176 కిలోలు. మీరు 100 కిలోల గుజ్జు పెడితే అందులో పొడి పదార్థం 18 కిలోలు. 15 శాతానికి దించినప్పుడు మీ చేతికి వచ్చేది సుమారు 21.2 కిలోలు, గాలి మోసుకుపోవలసిన నీరు సుమారు 78.8 కిలోలు. తడి బరువు మీద శాతం చూస్తూ కూర్చుంటే 82 నుంచి 70కి దిగడం చిన్న మెట్టులా కనిపిస్తుంది. నిజానికి అక్కడికే దాదాపు సగం నీరు పోయి ఉంటుంది. ఇకపై కిలో పొడి పదార్థానికి ఇన్ని కిలోల నీరు అని చెప్పవలసిన చోట 'పొడి లెక్కన' అని రాస్తాను.

విశిష్టోష్ణానికి 1892లో సీబెల్ ఇచ్చిన సాదా సూత్రం మీ అవసరానికి చాలు: తేమ భిన్నాన్ని 3.349తో గుణించి 0.837 కలిపితే కిలోకు, డిగ్రీకి ఇన్ని కిలోజౌళ్లు అన్న విలువ వస్తుంది. 82 శాతం తేమ ఉన్న గుజ్జుకు ఇది సుమారు 3.58, 15 శాతం తేమ ఉన్న ఎండు ముక్కకు సుమారు 1.34. ఉష్ణవాహకతకు 1974లో స్వెట్ పండ్లకూ కూరగాయలకూ ఇచ్చిన సూత్రం వాడవచ్చు: తేమ భిన్నాన్ని 0.493తో గుణించి 0.148 కలపాలి. తాజా గుజ్జుకు మీటరుకు, డిగ్రీకి 0.55 వాట్లు వస్తుంది. ఈ రెండో సూత్రం తేమ 60 శాతానికి పైన ఉన్నప్పుడే నమ్మదగినది. ఎండే కొద్దీ నీరు పోయి చక్కెరలు, పీచు, గాలి మిగులుతాయి కాబట్టి వాహకత 0.2 దరిదాపులకు, ముక్కలో రంధ్రాలు ఏర్పడితే ఇంకా కిందికి పడిపోతుంది. మరింత కచ్చితంగా కావాలంటే నీరు, చక్కెర, పీచు, కొవ్వు, బూడిద వంటి ఒక్కొక్క అంశానికీ ఉష్ణోగ్రతతో మారే సమీకరణాలను 1986లో చోయ్, ఓకోస్ ఇచ్చారు. ఆహార ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకాల్లో అవి దొరుకుతాయి. తాండ్రకు పంచదార గానీ బెల్లం గానీ కలుపుతారు కనుక తాండ్ర విషయంలో ఆ పద్ధతే మేలు.

ఈ విలువల కోసం మీరు ప్రయోగశాలకు వెళ్లి డబ్బు ఖర్చు చేయనక్కరలేదని నేను ఎందుకు అంటున్నానో చూడండి. ఘనపు మీటరుకు సుమారు 1,050 కిలోల సాంద్రత తీసుకుంటే, తాజా మామిడిలో వేడి వ్యాపించే రేటు, అంటే ఉష్ణ వ్యాపనత, సెకనుకు సుమారు 1.5ను పది లక్షలతో భాగించి, మళ్లీ పదితో భాగించినంత చదరపు మీటర్లు. అదే ముక్కలో నీరు లోపలి నుంచి పైకి వ్యాపించే రేటు పండ్లలో సాధారణంగా దానికన్నా కొన్ని వందల రెట్లు తక్కువ. 8 మిల్లీమీటర్ల మందం ముక్కలో వేడి మధ్య దాకా చేరడానికి దాదాపు రెండు నిమిషాలు పడితే, నీరు అదే దూరం దాటి రావడానికి గంటలు పడుతుంది. వాహకతలో 20 శాతం తప్పు వచ్చిందనుకున్నా ఆ రెండు నిమిషాలు రెండున్నర నిమిషాలవుతాయి, అంతే. ఎండే సమయం మీద దాని ప్రభావం మీరు కొలవలేనంత చిన్నది.

ఇంధనం లెక్కలో కూడా ఇలాంటి చిత్రమే కనిపిస్తుంది. 100 కిలోల గుజ్జును 30 నుంచి 60 డిగ్రీలకు వేడి చేయడానికి సుమారు 10,700 కిలోజౌళ్లు కావాలి. 78.8 కిలోల నీటిని ఆవిరి చేయడానికి, కిలోకు సగటున 2,400 కిలోజౌళ్ల గుప్తోష్ణం (నీటిని ఆవిరిగా మార్చడానికే పట్టే వేడి) వేసుకుంటే, సుమారు 1,89,000 కిలోజౌళ్లు, అంటే దాదాపు 52 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి కావాలి. పండును వేడి చేసే ఖర్చు ఇందులో ఆరు శాతం లోపే. మీ ఇంధనంలో పెద్ద భాగం పోయే చోటు గాలిని వేడి చేయడం. ఉదాహరణకు 30 డిగ్రీల వద్ద 80 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న (అంటే ఆ వేడి వద్ద గాలి పట్టగలిగిన ఆవిరిలో 80 శాతం ఇప్పటికే ఉన్న) కోస్తా గాలిని 60 డిగ్రీలకు వేడి చేసి ట్రేల మీదుగా పంపి, 45 డిగ్రీల వద్ద బయటికి వదిలారనుకుందాం. ఒక్కో కిలో గాలి ఆరున్నర గ్రాముల నీటిని మాత్రమే తీసుకుపోతుంది. కనుక సుమారు 12,000 కిలోల గాలిని వేడి చేయాలి. దానికి దాదాపు 3,78,000 కిలోజౌళ్లు, అంటే కనీస అవసరానికి రెండింతలు పడుతుంది. గోడల నుంచి, తలుపుల సందుల నుంచి పోయే వేడి దీనికి అదనం. చివరి గంటల్లో గాలి 57, 58 డిగ్రీల వద్దే బయటికి పోతుంటుంది కనుక ఆ సమయంలో నష్టం మరీ ఎక్కువ. దీనికి పరిష్కారం గాలిని కొంత తిరిగి లోపలికి పంపడమే. ఎంత భాగం తిరిగి పంపవచ్చో చెప్పేది మాత్రం వేడి లెక్క కాదు, తేమ లెక్కే. దాని దగ్గరికి వస్తున్నాను.

పండులో ఉన్న నీరంతా ఒకే రకంగా స్వేచ్ఛగా ఉండదు. తాజా పండులో నీరు దాదాపు మామూలు నీటిలాగే ఆవిరవుతుంది; ఎండే కొద్దీ మిగిలిన నీరు చక్కెరలలో కరిగి, పెక్టిన్ అనే జిగురు పదార్థాన్నీ పీచునూ అంటిపెట్టుకుని, బయటికి రావడానికి మొరాయిస్తుంది. ఈ మొరాయింపును కొలిచేదే వాటర్ యాక్టివిటీ. పండు పైన నిలిచే నీటి ఆవిరి పీడనాన్ని, అదే ఉష్ణోగ్రత వద్ద స్వచ్ఛమైన నీటి ఆవిరి పీడనంతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. సున్నా నుంచి ఒకటి దాకా ఉంటుంది. పండును మూసిన సీసాలో తగినంత సేపు ఉంచితే సీసాలోని గాలి సాపేక్ష ఆర్ద్రత ఎంత దగ్గర ఆగుతుందో, దాన్ని వందతో భాగిస్తే అదే ఈ సంఖ్య. సూక్ష్మజీవుల పెరుగుదల తేమ శాతం మీద కాక దీని మీద ఆధారపడుతుందని 1950లలో ఆస్ట్రేలియాలో విలియం జేమ్స్ స్కాట్ చేసిన పని తర్వాతే ఆహార పరిశ్రమలో స్థిరపడింది. బాక్టీరియాలో ఎక్కువ భాగం 0.91 కింద పెరగవు. మామూలు బూజులు చాలావరకు 0.80 దగ్గర ఆగిపోతాయి. పొడికి ఓర్చే కొన్ని బూజులూ, చిక్కని చక్కెరకు ఓర్చే కొన్ని ఈస్టులూ మాత్రం 0.61 దాకా పెరగగలవు. 0.60 కింద ఏదీ పెరగదు. ఎండు పండ్లకు ఆ గీతను అందుకే హద్దుగా పెట్టుకుంటారు.

ఒకే ఉష్ణోగ్రత వద్ద వాటర్ యాక్టివిటీకీ, పండు పట్టి ఉంచే తేమకూ మధ్య ఉన్న సంబంధాన్ని గీతగా గీస్తే వచ్చేదే సార్ప్షన్ ఐసోథర్మ్. పిండి పదార్థాలకు ఇది మెలిక తిరిగిన ఆకారంలో ఉంటుంది. మామిడి, ద్రాక్ష, అంజూరం వంటి చక్కెర ఎక్కువ ఉన్న పండ్లకు చాలా దూరం చదునుగా నడిచి, 0.6 దాటాక ఒక్కసారిగా నిట్టనిలువుగా లేస్తుంది. ఈ వంపును సమీకరణంలో పెట్టడానికి 1938లో బ్రునౌయర్, ఎమ్మెట్, టెల్లర్ ఇచ్చిన రూపం 0.5 లోపే పనికివస్తుంది. దాన్ని విస్తరిస్తూ గుగ్గెన్‌హైమ్, ఆండర్సన్, డి బోయర్ వేర్వేరుగా చేరుకున్న సమీకరణాన్ని, వారి పేర్ల మొదటి అక్షరాలతో గ్యాబ్ సమీకరణం అంటారు, అది 0.9 దాకా బాగా సరిపోతుంది. అందులో మూడు స్థిరాంకాలే ఉంటాయి. మొదటిది, పదార్థపు ఉపరితలాన్ని ఒక్క పొరగా కప్పే నీటి పరిమాణం. రెండోది, ఆ మొదటి పొర ఎంత గట్టిగా అంటుకుని ఉందో చెప్పేది. మూడోది, ఆ పైన ఉన్న నీరు మామూలు నీటికి ఎంత దగ్గరగా ఉందో చెప్పేది.

మీకు ఈ వంపు ఎలా ఉంటుందో తెలియడానికి ఒక నమూనా లెక్క వేసి చూపుతాను. ఇవి మీ సరుకు మీద కొలిచిన అంకెలు కావు. చక్కెర ఎక్కువ ఉన్న గుజ్జుకు తగినట్టుగా మొదటి స్థిరాంకం పొడి లెక్కన 0.11, రెండోది 5, మూడోది 0.98 అని నేను తీసుకున్నాను. అప్పుడు వాటర్ యాక్టివిటీ 0.40 వద్ద తేమ తడి బరువులో సుమారు 12 శాతం, 0.50 వద్ద 15, 0.60 వద్ద 19; 0.70 వద్ద 24, 0.75 వద్ద 28; 0.85 వద్ద దాదాపు 39. మీరు ఎంచుకున్న 15 శాతం ఈ నమూనాలో 0.50 దగ్గర పడుతోంది, అంటే లక్ష్యం తప్పు కాదు. కానీ అదే సరుకు 75 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలికి తెరుచుకుని ఉంటే, అది చేరాలని చూసే చోటు 28 శాతం. వానాకాలంలో మీ గోదాములో గాలి అంతకన్నా తడిగానే ఉంటుంది. డ్రయ్యర్ ఎంత బాగా పనిచేసినా, ఆ తర్వాత సరుకుకు తగిలే గాలి ఈ గీతను పట్టుకుని దాన్ని పైకి లాగుతుంది.

జిగట బూజుకన్నా ముందే రావడానికి కూడా కారణం ఈ చక్కెరలే. ముక్క త్వరగా ఎండినప్పుడు చక్కెరలకు స్ఫటికాలుగా సర్దుకునే వ్యవధి ఉండదు. అవి గాజు వంటి స్థితిలో బిగుసుకుంటాయి. ఆ గాజు ఏ ఉష్ణోగ్రత వద్ద మెత్తబడుతుందో ఒక్కో చక్కెరకు ఒక్కో విలువ ఉంది: నీరు ఏమాత్రం లేని సుక్రోజ్‌కు సుమారు 62 డిగ్రీలు, గ్లూకోజ్‌కు 31, ఫ్రక్టోజ్‌కు 5 డిగ్రీలే. కొద్దిపాటి నీరు చేరినా ఈ విలువలు ఇంకా వేగంగా పడిపోతాయి. 15 శాతం తేమ ఉన్న మామిడి గది వేడిమి వద్ద ఎప్పుడో ఈ గీత దాటి మెత్తని స్థితిలో ఉంటుంది. తినడానికి బాగుండేది కూడా ఆ మెత్తదనమే. దాని మీద తేమ ఇంకొంచెం చేరితే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తాండ్రలో బెల్లం వాడితే ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే బెల్లంలో సుక్రోజ్‌తో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ విడిగా ఉంటాయి. స్ఫటిక పంచదార 85 శాతం సాపేక్ష ఆర్ద్రత దాకా గాలి నుంచి నీరు పీల్చుకుని కరగదు. ఫ్రక్టోజ్ 63 శాతం దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. వానాకాలానికి నిలవ ఉంచే తాండ్రకు బెల్లానికి బదులు పంచదార వాడమని నేను సలహా ఇస్తాను. బెల్లం తాండ్ర రుచి నాకూ ఇష్టమే, కానీ దాన్ని వేసవిలోనే అమ్ముకోవడం మంచిది.

ఇక బూజు సంగతి. 15 శాతం అన్నది మీరు కొలిచిన సగటు. ఒకే బ్యాచ్‌లో పలుచని ముక్కలు 10 శాతానికి ఎండి, మందపు ముక్కలు 24 శాతం దగ్గర ఆగి ఉన్నా సగటు 15 రావచ్చు. పై నమూనా ప్రకారం మొదటివి 0.32 వద్ద, రెండోవి 0.70 వద్ద ఉంటాయి. మూసిన పొట్లంలో తడి ముక్కల నుంచి పొడి ముక్కలకు నీరు ఆవిరి రూపంలో నెమ్మదిగా వెళుతుంది, కొన్నాళ్లకు అన్నీ ఒకే చోటికి చేరతాయి. ఆ కొన్నాళ్లలోనే మందపు ముక్కల మీద బూజు మొలకెత్తడానికి అవకాశం దొరుకుతుంది. మీరు బూజు కొన్ని పొట్లాల్లోనే కనిపించిందని రాసిన మాట చూసి, సగటు సరిగ్గా ఉండి చెదురు ఎక్కువగా ఉన్న బ్యాచ్ ఇది అని అనుమానిస్తున్నాను. తేమ శాతం కొలిచే పరికరంతో పాటు వాటర్ యాక్టివిటీ కొలిచే పరికరం కూడా ఒకటి దగ్గర పెట్టుకుని, మిశ్రమం చేసిన నమూనా మీద కాకుండా బ్యాచ్‌లో కంటికి అన్నిటికన్నా మందంగా కనిపించిన ముక్కల మీద పరీక్ష చేయండి. ఆ ముక్కలు 0.60 లోపు ఉంటే మిగిలిన వాటి గురించి చింత అక్కరలేదు.

మందం ఎందుకింత ముఖ్యమో చెప్పడానికి వ్యాపన లెక్క ఒకటి చాలు. ముక్క లోపలి నుంచి నీరు బయటికి రావడానికి పట్టే కాలం, నీరు నడవవలసిన దూరపు వర్గంతో పెరుగుతుంది. నీటి వ్యాపన రేటుకు పండ్లలో సాధారణమైన ఒక విలువను, అంటే పైన చెప్పిన ఉష్ణ వ్యాపనతలో మూడు వందల వంతు దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంటే, రెండు వైపులా గాలి తగిలే 8 మిల్లీమీటర్ల ముక్క ఎండడానికి దాదాపు 11 గంటలు వస్తుంది. 5 మిల్లీమీటర్ల ముక్కకు నాలుగు గంటల పైచిలుకు. అదే 8 మిల్లీమీటర్ల ముక్కను రంధ్రాలు లేని రేకు ట్రే మీద పెడితే గాలి ఒక్క వైపే తగులుతుంది, నడవవలసిన దూరం రెట్టింపవుతుంది, సమయం నాలుగింతలవుతుంది. డ్రయ్యర్‌లో ఫ్యాను పెంచడం కన్నా, జాలీ ట్రేలకు మారడం, ముక్కలు కోసే బ్లేడును ఒకే మందానికి బిగించడం ఎక్కువ ఫలితమిస్తాయని నేను గట్టిగా నమ్ముతాను. ఆత్రేయపురంలో తాండ్ర చేసేవారు చాపల మీద రసాన్ని ఒక పలుచని పూతగా పూసి, అది ఎండాక దాని మీద మరో పూత, దాని మీద ఇంకొకటి వేసుకుంటూ పోవడంలో ఉన్న ప్రతిభ ఇదే. ఒకేసారి అంగుళం మందం పోసి ఉంటే లోపలి నీరు ఎన్నటికీ బయటికి వచ్చేది కాదు, పులిసిపోయేది. పూత పూతకూ దూరాన్ని చిన్నదిగా ఉంచి, వ్యాపన నియమాన్ని వారు తమకు అనుకూలంగా తిప్పుకున్నారు. మీరు డ్రయ్యర్‌లో తాండ్ర చేసినా ఆ పద్ధతిని వదలవద్దు.

ఉష్ణోగ్రత పెరిగితే ఐసోథర్మ్ ఏమవుతుందన్నది తరువాతి మాట. వాటర్ యాక్టివిటీ తక్కువగా ఉన్న భాగంలో, వేడి పెరిగితే అదే గాలి ఆర్ద్రత వద్ద పండు తక్కువ నీటిని పట్టి ఉంచుతుంది. ఇది అందరూ ఊహించేదే. చక్కెర పండ్లలో మాత్రం 0.6, 0.7 దాటాక వేర్వేరు ఉష్ణోగ్రతల గీతలు ఒకదాన్నొకటి దాటి, వేడిగా ఉన్నదే ఎక్కువ నీటిని పట్టి ఉంచడం కనిపిస్తుంది. వేడిలో చక్కెర ఎక్కువ కరుగుతుంది, కరిగిన చక్కెర ఎక్కువ నీటిని కట్టేస్తుంది, కారణం అదే. కొలతలు చేసినప్పుడు గీతలు దాటుకుంటే ప్రయోగం చెడిందని కంగారు పడకండి.

గీతలు వేరుగా ఉన్న భాగం నుంచి, నీటిని విడదీయడానికి గుప్తోష్ణం పైన అదనంగా ఎంత వేడి కావాలో లెక్కకట్టవచ్చు. ఒకే తేమ వద్ద రెండు ఉష్ణోగ్రతల్లో వాటర్ యాక్టివిటీ తెలిస్తే ఉష్ణోగ్రతతో ఆవిరి పీడనం ఎలా మారుతుందో చెప్పే క్లాసియస్, క్లేపెరాన్ సంబంధం సరిపోతుంది. సుమారు 12 శాతం తేమ ఉన్న ముక్క 30 డిగ్రీల వద్ద 0.40, 60 డిగ్రీల వద్ద 0.50 చూపిందనుకోండి. ఆ రెండింటి నిష్పత్తి సహజ లాగరిథం 0.223, దాన్ని వాయు స్థిరాంకం 8.314తో గుణించి, పరమ ఉష్ణోగ్రతల విలోమాల తేడా అయిన 0.000297తో భాగిస్తే మోల్‌కు సుమారు 6.25 కిలోజౌళ్లు, అంటే కిలో నీటికి సుమారు 347 కిలోజౌళ్లు వస్తుంది. గుప్తోష్ణం మీద ఇది దాదాపు 15 శాతం అదనం. వినడానికి పెద్దదిగా ఉన్నా, 100 కిలోల గుజ్జులో ఇంత గట్టిగా పట్టుబడి ఉన్న నీరు చివరి రెండు కిలోల చిల్లర మాత్రమే. మొత్తం మీద అదనపు వేడి తొమ్మిది వందల కిలోజౌళ్లకు మించదు, అంటే ఇంధనంలో అర శాతం కూడా లేదు. పరిశోధన పత్రాల్లో ఈ సంఖ్యకు చాలా చోటు దక్కుతుంది. మీ డ్రయ్యర్ హీటరు పరిమాణం లెక్కించేటప్పుడు దాన్ని వదిలేసినా నష్టం లేదు. అది మీకు చెప్పే పనికొచ్చే సంగతి వేరొకటి ఉంది: సీలు చేసిన పొట్లం వేడెక్కితే తేమ మారకపోయినా లోపలి వాటర్ యాక్టివిటీ పెరుగుతుంది. ఎండలో నిలిపిన లారీలో 0.55 ఉన్న సరుకు తాత్కాలికంగా 0.60 దాటవచ్చు, పండు రంగు మారే గోధుమవర్ణ చర్యలు కూడా వేడితోనూ, 0.6, 0.7 మధ్యనూ అన్నిటికన్నా చురుగ్గా ఉంటాయి. కనుక 0.60 గీతకు ఆనించి ఆపకుండా 0.50, 0.55 మధ్య లక్ష్యం పెట్టుకోవడం వివేకం.

ఇప్పుడు డ్రయ్యర్ గాలి దగ్గరికి తిరిగి వద్దాం. 30 డిగ్రీల వద్ద 80 శాతం ఉన్న గాలిని నీరు కలపకుండా 60 డిగ్రీలకు వేడి చేస్తే దాని సాపేక్ష ఆర్ద్రత 17 శాతానికి పడుతుంది. మన నమూనా ఐసోథర్మ్ ప్రకారం ఆ గాలిలో ముక్క ఆరు శాతం దాకా ఎండగలదు. మీకు అంత అవసరమే లేదు. 15 శాతం చాలనుకుంటే చివరి గంటల్లో లోపలి గాలి 25, 30 శాతం ఆర్ద్రతతో ఉన్నా పని జరుగుతుంది, ముక్కలు అతిగా ఎండిపోయే ప్రమాదం కూడా తగ్గుతుంది. అంటే ఆ దశలో బయటికి పోయే గాలిలో ఎక్కువ భాగాన్ని మీరు ధైర్యంగా తిరిగి హీటరు దగ్గరికి పంపవచ్చు. మొదటి గంటల్లో మాత్రం తాజా గాలి ఎక్కువగా కావాలి. అప్పుడు ముక్క ఉపరితలం తడిగా ఉండి, దాని ఉష్ణోగ్రత 60కి చేరకుండా తడి బల్బు ఉష్ణోగ్రత (తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది) దగ్గర, పై గాలికి సుమారు 34 డిగ్రీల వద్ద నిలుస్తుంది. త్వరగా అవుతుందని ఆ దశలోనే మరీ వేడి, మరీ పొడి గాలిని తోలితే, పై పొర లోపలి నీటి కోసం ఆగకుండా ఆ గాలితో సమతాస్థితికి చేరిపోతుంది. అంత పొడి పొరలో నీటి వ్యాపన రేటు బాగా పడిపోయి, పైన గట్టి తొడుగు, లోపల తడి గుజ్జు మిగులుతాయి. చేత్తో తాకితే ఎండినట్టే ఉంటుంది. బూజు పట్టిన పొట్లాల్లో అలాంటి ముక్కలు కూడా ఉండి ఉండవచ్చు. ఒకదాన్ని కత్తితో అడ్డంగా కోసి చూడండి.

సోలార్ డ్రయ్యర్ వాడేవారికి ఇక్కడ ఒక మాట తప్పకుండా చెప్పాలి. పగలు 60 డిగ్రీల వద్ద 17 శాతంగా ఉన్న ఆ గాలే రాత్రి 27 డిగ్రీలకు చల్లబడితే 95 శాతం అవుతుంది. సాయంత్రం గాలి ద్వారాలు మూయకపోతే, పగలు ఖర్చు పెట్టి తీసిన నీటిలో కొంత భాగం తెల్లవారేసరికి ముక్కల్లోకి తిరిగి వచ్చేస్తుంది. అది తిరిగి వచ్చే దారి కూడా పోయిన దారి కాదు: ఒకే వాటర్ యాక్టివిటీ వద్ద, ఎండుతూ వచ్చిన పండులో ఎక్కువ నీరు, తడుస్తూ వచ్చిన పండులో తక్కువ నీరు ఉంటుంది. కనుక డ్రయ్యర్ లెక్కలకు ఎండే దిశలో కొలిచిన గీతను, నిలవ లెక్కలకు తడిసే దిశలో కొలిచిన గీతను వాడాలి. ప్రచురితమైన విలువలు తీసుకునేటప్పుడు అది ఏ దిశదో చూడకుండా వాడడం నేను తరచుగా చూసే లోపం.

మీ సరుకుకు మీరే ఐసోథర్మ్ గీసుకోవడం అసాధ్యమేమీ కాదు, దగ్గరలోని ఫుడ్ టెక్నాలజీ కళాశాల సాయం ఉంటే ఇంకా సులభం. గాలి చొరబడని సీసాల్లో సంతృప్త లవణ ద్రావణాలు (ఇక కరగనంతగా లవణం కలిపిన నీళ్లు) పోసి, వాటి పైన చిన్న స్టాండు మీద తూచిన ముక్కలు పెట్టి మూయాలి. 25 డిగ్రీల వద్ద లిథియం క్లోరైడ్ 11.3 శాతం, మెగ్నీషియం క్లోరైడ్ 32.8, పొటాషియం కార్బొనేట్ 43.2, మెగ్నీషియం నైట్రేట్ 52.9, వంట ఉప్పు 75.3, పొటాషియం క్లోరైడ్ 84.3 శాతం ఆర్ద్రతను నిలబెడతాయి. వరుస తూకాల్లో బరువు మారనంత వరకు ఆగాలి. ముక్కలు సన్నగా తరిగితే అది రెండు, మూడు వారాల పని. 75 శాతం పైన ఉన్న సీసాల్లో సమతాస్థితికి ముందే బూజు వస్తుంది కనుక ఒక చిన్న గిన్నెలో బూజును ఆపే రసాయనమైన థైమాల్ పెట్టడం ఆనవాయితీ. అలా వాడిన నమూనాలను ఎవరూ తినకూడదు. చివరి తేమ కొలిచేటప్పుడు 105 డిగ్రీల ఓవెన్ వాడవద్దు. ఆ వేడిలో ఫ్రక్టోజ్ విచ్ఛిన్నమై, పోయిన బరువంతా నీరే అన్నట్టు లెక్కలోకి వస్తుంది. ఎండు పండ్లకు ప్రామాణిక పద్ధతి 70 డిగ్రీల వద్ద వాక్యూమ్ ఓవెన్‌లో ఆరు గంటలు. మీ 15 శాతం ఏ పద్ధతిలో వచ్చిందో మీరు రాయలేదు. మామూలు ఓవెన్‌లో వచ్చినదైతే అసలు తేమ దానికన్నా తక్కువ ఉండే అవకాశం ఉంది, త్వరిత మీటరుతో వచ్చినదైతే ఎటువైపైనా ఉండవచ్చు. వంట ఉప్పు ద్రావణం ఇంకో విధంగానూ ఉపయోగపడుతుంది: వాటర్ యాక్టివిటీ మీటరు సరిగ్గా ఉందో లేదో నెలకొకసారి దానితో సరిచూసుకోండి, 25 డిగ్రీల వద్ద 0.753 చూపాలి.

ఈ సీజనుకు వెంటనే చేయగలిగింది ఏమిటని మీరు అడిగినట్టయితే నా జవాబు ఇది. డ్రయ్యర్ నుంచి తీసిన ముక్కలను గది వేడిమికి చల్లారనివ్వండి, ఎందుకంటే వేడిగా ఉండగా పొట్లం కడితే లోపలి ఆవిరి కవరు గోడల మీద నీటి బిందువులుగా మారి ఆ చోటే బూజుకు మొదలవుతుంది. కానీ ఆరుబయట గంటల తరబడి ఉంచవద్దు. చల్లారిన వెంటనే గాలి చొరబడని డబ్బాల్లో మూడొంతుల దాకా నింపి, వారం పది రోజులు రోజుకొకసారి కదుపుతూ ఉంచితే, ముక్కల మధ్య తేడాలు పొట్లంలో కాక మీ కళ్ల ముందే సర్దుకుంటాయి. డబ్బా గోడల మీద తడి కనిపిస్తే ఆ సరుకును మళ్లీ డ్రయ్యర్‌లోకి పంపండి. ఆ తర్వాతే, వాటర్ యాక్టివిటీ 0.55 లోపు ఉందని చూసుకుని, అల్యూమినియం పొర ఉన్న లామినేట్ సంచుల్లో సీలు చేయండి; మామూలు పాలిథిన్ సంచి ఒక వానాకాలం పాటు నీటి ఆవిరిని ఆపలేదు. పొట్లాలు కట్టే గదిలో ఒక హైగ్రోమీటరు తగిలించి, అది 55 శాతం దాటిన రోజుల్లో డీహ్యూమిడిఫైయర్ గానీ ఏసీ గానీ వేయకుండా ఆ పని మొదలుపెట్టవద్దు. మీ ముక్కల మందం, ట్రేల రకం, గాలి వేగం, తాండ్రలో కలిపే పంచదార పాళ్లు తెలియజేస్తే, గాలిలో ఎంత భాగం ఏ గంట నుంచి తిరిగి పంపవచ్చో మీ డ్రయ్యర్‌కు సరిపడా లెక్క వేసి ఇస్తాను.